కంటైనరు తలుపు మీద రేడియో సీలు: రొయ్యల ఎగుమతిలో ఆర్‌ఎఫ్‌ఐడీ

భీమవరం పరిసరాల్లోని రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్ల నుంచి విశాఖపట్నం ఓడరేవుకు బయలుదేరే రీఫర్ కంటైనరు (సరకును గడ్డకట్టిన స్థితిలోనే ఉంచే శీతల కంటైనరు) తలుపు గడియకు వేలెడు పొడవున్న ఒక సీలు బిగించి ఉంటుంది. అందులో రెండు భాగాలుంటాయి. ఒకటి తల ఉన్న ఉక్కు కడ్డీ, రెండోది ఆ కడ్డీ కొనను పట్టుకునే దిమ్మ, దాని చుట్టూ ప్లాస్టిక్ తొడుగు. కడ్డీని గడియ రంధ్రంలోంచి దూర్చి దిమ్మలోకి బలంగా నొక్కితే టక్కున పడుతుంది. ఆ తర్వాత పొడవాటి పిడుల కట్టరుతో కోయాల్సిందే తప్ప ఊడదీయడం కుదరదు. ఆ ప్లాస్టిక్ తొడుగు లోపల ఆవగింజ కంటే చిన్న చిప్పు ఒకటి, దానికి అతికిన పలుచని లోహపు యాంటెన్నా ఒకటి ఉంటాయి. బ్యాటరీ ఉండదు. రీడరు అనే చదివే యంత్రం దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం అది తన నంబరు చెబుతుంది.

నేను ఎగుమతి పత్రాల విభాగంలో పనిచేస్తున్నందువల్ల ఈ సీళ్ల నంబర్లతో నాకు రోజూ పని పడుతుంది. సరఫరా గొలుసులో ఆర్‌ఎఫ్‌ఐడీ (రేడియో తరంగాలతో వస్తువును గుర్తించే పద్ధతి) వాడకం గురించి జరిగే చర్చల్లో రేడియో గురించి, రీడర్ల గురించి, సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువగా మాట్లాడతారు. నాకు కనిపించిన విషయం వేరు. రేడియో భాగం దాదాపుగా పరిష్కారమైపోయిన సమస్య. ట్యాగులో, అంటే ఆ చిప్పు, యాంటెన్నా జతలో ఉన్న నంబరును, ఎదురుగా ఉన్న సరకును కలిపి ఒక ముడి వేసే క్షణం ఉంటుంది చూడండి, వ్యవస్థ నమ్మకం మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది. ఆ ముడి వేసేది యంత్రం కాదు, రాత్రి షిఫ్టులో పనిచేసే మనిషి. ఈ సాంకేతికత ఎక్కడ నిలబడిందో, ఎక్కడ బోల్తాపడిందో గమనిస్తే ప్రతిచోటా ఈ సంగతే బయటపడుతుంది.

ముందుగా ఈ సీలు మన దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పాలి. జీఎస్టీకి ముందు, ఫ్యాక్టరీలోనే కంటైనరు నింపి సీలు వేయాలంటే సాధారణంగా సెంట్రల్ ఎక్సైజ్ అధికారి వచ్చి దగ్గరుండి చూసేవారు. ఆయన వచ్చేదాకా ఆగడం, లోడింగు అర్ధరాత్రి దాటితే బతిమాలుకోవడం అందరికీ అనుభవమే. 2017 జూలై 1న, జీఎస్టీ మొదలైన రోజునే, కేంద్ర ఎక్సైజ్, కస్టమ్స్ బోర్డు 26/2017 నంబరు సర్క్యులరు ఇచ్చి ఆ పద్ధతిని మార్చింది. అనుమతి పొందిన ఎగుమతిదారు తానే సీలు వేసుకోవచ్చు, కానీ ఆ సీలు ఒక్కసారి మాత్రమే వాడదగిన, ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగున్న బోల్ట్ సీలు అయి ఉండాలి. గడువు కొంత వెనక్కి జరిగినా ఆ ఏడాది చివరికల్లా పద్ధతి అమల్లోకి వచ్చింది. సీలు నంబరు, ఎగుమతిదారు కోడ్, షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం) నంబరు, తేదీ, సీలు వేసిన తేదీ, సమయం, కంటైనరు నంబరు, ట్రైలర్ నంబరు, చేరాల్సిన కస్టమ్స్ స్టేషను, ఇవన్నీ కంటైనరు గేటు దాటకముందే నమోదు కావాలి. ఓడరేవులో కస్టమ్స్ వారు రీడరుతో సీలును చదివి, అది చెక్కుచెదరలేదని, వివరాలు సరిపోయాయని తేలితే లోపలికి పంపుతారు. అంతకుముందు అధికారి కళ్ల మీద ఉన్న నమ్మకాన్ని ప్రభుత్వం ఒక నంబరు మీదికి, ఆ నంబరును నమోదు చేసే ఎగుమతిదారు మీదికి మార్చింది. ఇది చిన్న మార్పేమీ కాదు, నా దృష్టిలో మంచి మార్పు కూడా.

ఇక ట్యాగు పనిచేసే తీరు. రీడరు యాంటెన్నా రేడియో తరంగాన్ని వదులుతుంది. మన దేశంలో దీనికి 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న పట్టీని 2005లోనే లైసెన్సు అక్కరలేకుండా వదిలిపెట్టారు. ఒక వాట్ ట్రాన్స్‌మిటరు శక్తి, యాంటెన్నా బలం కలుపుకొని నాలుగు వాట్ల ప్రసార శక్తి దానికి పరిమితి. ఈ పౌనఃపున్యంలో తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. ఆ తరంగం ట్యాగు యాంటెన్నాను తాకినప్పుడు అందే శక్తి అతి స్వల్పం, అయినా ఈనాటి చిప్పులు మేల్కొనడానికి వాట్‌లో లక్షో వంతు చాలు. మేల్కొన్న చిప్పు తనంతట తాను ప్రసారం చేయదు. యాంటెన్నా స్వభావాన్ని వేగంగా మారుస్తూ, వచ్చిన తరంగాన్నే కొంచెం ఎక్కువగా, కొంచెం తక్కువగా వెనక్కి తిప్పి కొడుతుంది. ఆ హెచ్చుతగ్గులే రీడరుకు అంకెలుగా అందుతాయి. తిరిగి వచ్చిన శక్తితో సమాచారం పంపవచ్చన్న ఆలోచనను హ్యారీ స్టాక్‌మన్ 1948లోనే ఒక పరిశోధన పత్రంలో రాశారు. దాన్ని చవకగా చేయగలిగే చిప్పులు రావడానికి అర్ధ శతాబ్దం పట్టింది.

రీడరు ముందు వందల ట్యాగులు ఒకేసారి ఉంటే అన్నీ కలిసి మాట్లాడి గందరగోళం కావాలి కదా అన్న సందేహం సహజం. 2004 డిసెంబరులో ఆమోదం పొందిన జెన్ 2 అనే ఆర్‌ఎఫ్‌ఐడీ సాంకేతిక ప్రమాణంలో దానికి చక్కని ఏర్పాటుంది. రీడరు ముందుగా కొన్ని గడులు ప్రకటిస్తుంది. ప్రతి ట్యాగు యాదృచ్ఛికంగా ఒక గడిని ఎంచుకొని తన వంతు కోసం లెక్కపెడుతూ ఉంటుంది, వంతు రాగానే ముందు ఒక చిన్న తాత్కాలిక సంఖ్యను పలుకుతుంది. రీడరు అదే సంఖ్యను తిరిగి పలికితేనే తన అసలు నంబరు చెబుతుంది. ఒకే గడిలో రెండు ట్యాగులు పలికితే రెండూ మళ్లీ తర్వాతి విడతలో ప్రయత్నిస్తాయి. గడులు ఎక్కువ ఖాళీగా ఉంటే రీడరు వాటి సంఖ్యను తగ్గిస్తుంది, ఢీకొనడాలు ఎక్కువైతే పెంచుతుంది. ఇదంతా కంటి రెప్పపాటులో జరిగి, సెకనుకు వందల ట్యాగులు చదవడం సాధ్యమవుతుంది. మన కార్ల అద్దం మీది ఫాస్టాగ్ కూడా ఈ ప్రమాణం ప్రకారమే పనిచేస్తుంది. 2021 ఫిబ్రవరి నుంచి దాన్ని తప్పనిసరి చేశాక, ఆర్‌ఎఫ్‌ఐడీ అన్న పేరు తెలియనివారు కూడా దాన్ని రోజూ వాడుతున్నారు.

రేడియోకు రెండు బద్ధశత్రువులున్నాయి, లోహమూ నీరూ. లోహం తరంగాన్ని వెనక్కి కొడుతుంది, దాని మీద నేరుగా అతికించిన మామూలు ట్యాగు యాంటెన్నాను పనికిరాకుండా చేస్తుంది. నీరు తరంగ శక్తిని పీల్చేస్తుంది. రొయ్యల వ్యాపారంలో ఈ రెండూ పుష్కలం. అయితే ఇక్కడొక విశేషముంది. ద్రవ రూపంలో ఉన్న నీటితో పోలిస్తే గడ్డకట్టిన మంచు ఈ పౌనఃపున్యాల్లో చాలా తక్కువ శక్తిని పీలుస్తుంది. అందుకే గట్టిగా గడ్డకట్టిన రొయ్యల కార్టన్ల మీది ట్యాగులు, మంచినీళ్ల సీసాల కేసు మీది ట్యాగుల కంటే తేలిగ్గా చదవబడతాయి. కార్టను బయటికి తెచ్చాక పైన చెమ్మ పట్టేదాకానే ఆ సౌలభ్యం.

కంటైనరు మాత్రం ఉక్కు పెట్టె. తలుపులు మూశాక లోపలి కార్టన్లకు ఎంత మంచి ట్యాగులున్నా బయటి రీడరుకు ఒక్కటీ వినిపించదు. బయటికి మాట్లాడగలిగేది తలుపు మీది సీలు ఒక్కటే. ఆ సీలు తన నంబరు చెబుతుంది, కడ్డీ కోస్తే సాధారణంగా మూగబోయేలా దాన్ని తయారు చేస్తారు కాబట్టి తనను ఎవరూ తెరవలేదని కూడా చెప్పినట్టే. లోపల ఎన్ని కార్టన్లున్నాయి, ఏ కౌంట్ (పరిమాణపు తరగతి) రొయ్య ఉంది, ఏ లాటుది (ఏ విడత సరకు) అన్నది మాత్రం సీలుకు తెలియదు. అది పత్రాల్లో, కంప్యూటర్లో ఉన్న సంగతి, సీలు నంబరుతో దాన్ని ఎవరో ముడివేసి ఉండాలి.

ఆ ముడి ఎలా జారిపోతుందో నాకు తెలిసిన ఒక సంఘటనతో చెబుతాను. ఒక ప్లాంటులో ఒకే రాత్రి రెండు కంటైనర్లు పక్కపక్క డాకుల్లో నిండుతున్నాయి. నౌకకు కంటైనర్లు అందించాల్సిన గడువు (కటాఫ్) దగ్గరపడింది, రెండు ట్రైలర్లూ కంటైనరు చల్లదనం కోసం జెన్‌సెట్లు (జనరేటర్లు) ఆన్‌లో పెట్టుకొని ఎదురుచూస్తున్నాయి. పని త్వరగా అవుతుందని ఆఫీసులో ముందే రెండు సీళ్లు తీసి, వాటి నంబర్లను రెండు కంటైనర్లకు చెరొకటిగా నమోదు చేసి, సీళ్లను డాకు దగ్గరికి పంపారు. అక్కడ బిగించిన మనిషికి ఏ సీలు ఏ కంటైనరుదో ఎవరూ చెప్పలేదు, చేతికొచ్చిన సీలును చేరువలో ఉన్న తలుపుకు వేశాడు. ఓడరేవు గేటు దగ్గర రీడరు ఒక్క పొరపాటు లేకుండా సీలును చదివింది. తెర మీద మాత్రం వేరే కంటైనరు నంబరు కనిపించింది. అక్కడి నుంచి ఆ రెండు పెట్టెలూ పక్కకు నిలబడటం, కస్టమ్స్ బ్రోకరు పరుగులు, వివరణ లేఖలు, సవరణలు, అధికారి తనిఖీ, ఈలోపు రీఫర్‌కు కరెంటు ప్లగ్ దొరుకుతుందా లేదా అన్న ఆందోళన, అన్నీ వరుసగా వచ్చాయి. బిగించిన కూలీని తిట్టడం సులభం. నా లెక్కలో తప్పు ఆయనది కాదు, సీలు తలుపుకు పడకముందే దాని నంబరును నమోదు చేసే అలవాటుది.

కంటైనరు నంబరుకు ఇలాంటి ప్రమాదం నుంచి కొంత రక్షణ ఉంది. నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర ఒక తనిఖీ అంకె కలిసి మొత్తం పదకొండు. ముందున్న పదింటికీ ఒక్కో విలువనిచ్చి, స్థానాన్ని బట్టి ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అంటూ రెట్టింపవుతూ పోయే సంఖ్యలతో గుణించి కూడి, 11తో భాగిస్తే వచ్చే శేషం నుంచి చివరి అంకె తేలుతుంది. టైపు చేసేటప్పుడు ఒక అంకె మారితే సాఫ్ట్‌వేర్ వెంటనే ఒప్పుకోనంటుంది. అయితే ఆ లెక్క తప్పుగా కొట్టిన నంబరును పట్టుకోగలదు గానీ, పొల్లుపోకుండా కొట్టిన పక్క కంటైనరు నంబరును పట్టుకోలేదు. అందుకే నేను పట్టుబట్టే పద్ధతి ఇది: సీలు తలుపుకు పడిన తర్వాతే, తలుపు ఎదుట నిలబడి, చేతి రీడరుతో చదవాలి, తలుపు మీది కంటైనరు నంబరూ సీలూ రెండూ కనిపించేలా ఒకే ఫొటో తీయాలి, ఆ తర్వాతే నమోదు చేయాలి. దీనికి అదనంగా పట్టేది నాలుగైదు నిమిషాలు.

ఇదే కథ చాలా పెద్ద ఎత్తున అమెరికాలో ఇరవయ్యేళ్ల క్రితం జరిగింది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1999లో ఆటో ఐడీ సెంటరు మొదలైంది. ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ నుంచి వచ్చిన కెవిన్ ఆష్టన్, ఆచార్యుడు సంజయ్ శర్మ, పరిశోధకుడు డేవిడ్ బ్రాక్ అక్కడ ఒక ముఖ్యమైన నిర్ణయం తీసుకున్నారు. ట్యాగులో సమాచారమంతా దాచనక్కర్లేదు, ప్రపంచంలో మరి దేనికీ లేని ఒక నంబరు ఉంటే చాలు, మిగతాదంతా నెట్‌వర్క్‌లో ఉంచవచ్చు అని. చిప్పు చిన్నదై, చవకై, కోట్ల సంఖ్యలో వాడే వీలు కలిగింది ఆ నిర్ణయం వల్లే. నంబరుకూ వస్తువుకూ మధ్య ముడి ట్యాగు లోపల కాకుండా ఎక్కడో కంప్యూటర్లో ఉండిపోయింది కూడా దానివల్లే. నేను ఇంతసేపు చెబుతున్న బలం, బలహీనత రెండూ అక్కడే పుట్టాయి.

2003 జూన్‌లో అమెరికా దుకాణాల గొలుసు వాల్‌మార్ట్ తన అగ్రశ్రేణి సరఫరాదారులు వంద మందిని 2005 జనవరికల్లా ప్యాలెట్లకు (పెట్టెలు పేర్చి మోసే చట్రాలకు), కేసులకు (సరకు అట్టపెట్టెలకు) ట్యాగులు వేయాలని ఆదేశించింది. కొద్ది నెలలకే అమెరికా రక్షణ శాఖ కూడా తన సరఫరాదారులకు అలాంటి ఆదేశమే ఇచ్చింది. దుకాణాల్లో ఫలితం లేకపోలేదు. సరకు దిగే తలుపు దగ్గర, వెనుక గది నుంచి అమ్మకపు అంతస్తుకు వెళ్లే తలుపు దగ్గర, ఖాళీ అట్టపెట్టెలను నొక్కే యంత్రం దగ్గర రీడర్లు పెట్టారు. ఒక కేసు వెనుక గదిలోనే ఉందా, అల్మారాకు చేరిందా అన్నది దాంతో తెలిసేది. ఆర్కన్సా విశ్వవిద్యాలయం 2005లో ట్యాగులున్న పన్నెండు దుకాణాలను, లేని పన్నెండింటిని పోల్చి చూసి, అల్మారాలో సరకు లేకపోవడమన్నది 16 శాతం తగ్గిందని తేల్చింది.

మరి ఆ ఆదేశం ఎందుకు నీరుగారింది? సరఫరాదారుల వైపు నుంచి చూడాలి. తమ ఫ్యాక్టరీలో ఎక్కడా ట్యాగును వాడుకోకుండా, లారీ ఎక్కించే ముందు మాత్రం ఒక స్టిక్కరు అంటించి పంపేయడం చాలామందికి అలవాటైంది. ఖర్చు వాళ్లది, లాభం దుకాణానిది. లాభం లేని చోట ముడి వేసే మనిషికి శ్రద్ధ ఉండదు, పర్యవేక్షించేవారికి అంతకన్నా ఉండదు. పైగా ద్రవాలు, డబ్బాలు, రేకు పొట్లాలు నిండిన కేసుల్లో ట్యాగులు సరిగా చదవబడేవి కావు. 2008లో వాల్‌మార్ట్‌కే చెందిన సామ్స్ క్లబ్, ట్యాగు లేని ప్యాలెట్‌కు రెండు డాలర్ల చొప్పున రుసుము విధించే దాకా వెళ్లినా, ఆ పథకం క్రమంగా మరుగున పడింది. ఒకరి ప్రయోజనం కోసం మరొకరి చేత చేయించే నమోదు ఏ దేశంలోనైనా ఇలాగే ముగుస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

దుస్తుల వ్యాపారంలో మాత్రం ఆర్‌ఎఫ్‌ఐడీ పాతుకుపోయింది, కారణాలు కూడా స్పష్టంగానే ఉన్నాయి. గుడ్డ రేడియోకు అడ్డురాదు. ఒకే చొక్కాకు పది రంగులు, ఏడు కొలతలు ఉంటాయి, కావలసిన కొలత గోదాములో ఉండి అల్మారాలో లేకపోతే అమ్మకం పోయినట్టే. బార్‌కోడ్‌తో ఒక్కొక్కటే తీసి చూస్తూ లెక్కపెట్టడం ఏడాదికి ఒకటి రెండుసార్లే సాధ్యం కాబట్టి కంప్యూటర్లోని నిల్వకూ నిజమైన నిల్వకూ పొంతన ఉండేది కాదు. చేతి రీడరు పట్టుకొని వరుసల మధ్య నడిస్తే చాలనే సరికి వారం వారం లెక్క సాధ్యమైంది. వాల్‌మార్ట్ కూడా 2010లో జీన్సు, లోదుస్తులతో మళ్లీ మొదలుపెట్టింది. ఇండిటెక్స్ తన జారా దుకాణాల్లో దొంగతనాన్ని అరికట్టే గట్టి బిళ్లలోనే చిప్పును పెట్టి, అమ్మాక దాన్ని తీసి మళ్లీ వాడే పద్ధతిని 2014లో ప్రకటించింది. జపాన్ దుస్తుల సంస్థ యూనిక్లో దుకాణాల్లో బట్టలన్నీ తొట్టిలో పడేస్తే బిల్లు వచ్చేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ఇప్పుడు చాలా బ్రాండ్లకు ట్యాగు వేసేది దుకాణం కాదు, బట్ట కుట్టిన ఫ్యాక్టరీ. ధర, కొలత ఉన్న చీటీలోనే చిప్పు ఉంటుంది కాబట్టి నంబరుకూ చొక్కాకూ ముడి కుట్టు యూనిట్‌లోనే పడిపోతుంది.

మందుల్లో అలా జరగలేదు, అది హైదరాబాదుకు బాగా తెలిసిన సంగతి. 2004లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నకిలీ మందుల మీద ఇచ్చిన నివేదికలో ఆర్‌ఎఫ్‌ఐడీ మీద పెద్ద ఆశలే పెట్టుకుంది. చివరికి అమెరికా 2013లో చేసిన మందుల సరఫరా భద్రత చట్టం ప్రకారం ప్రతి పెట్టె మీదికి వచ్చింది చదరపు చుక్కల బార్‌కోడ్. అమెరికాకు మందులు పంపే మన కంపెనీలు ఆ కోడే ముద్రిస్తున్నాయి. పెట్టె ప్యాకింగ్ లైను మీద ఎలాగూ ఒక్కొక్కటిగానే కదులుతుంది, కెమెరా ముందు నుంచే పోతుంది. కంటికి కనిపించే చోట సిరా చాలు, ట్యాగు దండగ.

కంటైనర్ల విషయానికి మళ్లీ వస్తే, కస్టమ్స్ సీలు కాక ఇంకో ట్యాగు కూడా ఉంది. భారత ప్రభుత్వం, జపాన్‌కు చెందిన ఎన్‌ఈసీ కలిసి పెట్టిన సంస్థ 2016 జూలైలో ముంబై దగ్గరి జవాహర్‌లాల్ నెహ్రూ పోర్టులో కంటైనర్లకు ట్యాగులు వేయడం మొదలుపెట్టింది. ఓడరేవు గేట్లు, టోల్ ప్లాజాలు, కంటైనర్ డిపోల దగ్గర రీడర్లు పెట్టి, నంబరు కొడితే పెట్టె చివరగా ఎక్కడ కనిపించిందో చూపే లాజిస్టిక్స్ డేటా బ్యాంక్ అది. తర్వాత మన తీరంలోని ఓడరేవులకూ విస్తరించింది. దిగుమతిదారులకు, ఖాళీ కంటైనర్ల కోసం ఎదురుచూసేవారికి అది చేసిన మేలు నిజమైనది. అది కూడా పెట్టె జాడే చెబుతుంది, సరకు జాడ కాదు.

సరకు జాడ అంటే రొయ్యకు చెరువు దాకా వెళ్లాలి. అమెరికా ఎఫ్‌డీఏ 2022 నవంబరులో ఖరారు చేసిన ఆహార జాడ నిబంధనల జాబితాలో రొయ్యలూ ఉన్నాయి. లాటు కోడ్ ఒకటి ఇచ్చి, సరకు చేతులు మారిన ప్రతి ముఖ్యమైన దశలో ఆ కోడ్‌తో వివరాలు నమోదై ఉండాలి, అడిగినప్పుడు చూపాలి. మొదట 2026 జనవరి గడువుగా పెట్టి, తర్వాత 30 నెలలు పొడిగించారు. ఆ నిబంధన ట్యాగు వాడమని ఎక్కడా అనదు. అయినా దాని పేరు చెప్పి ప్రతి కార్టనుకూ ట్యాగు వేయించుకోమని మన ప్లాంట్ల చుట్టూ తిరిగేవారున్నారు.

పట్టుబడి రోజు, అంటే చెరువులో రొయ్య పట్టే రోజు నుంచి చూద్దాం. చెరువు గట్టు మీద రొయ్యను తూచి, ఐసు వేసి, ప్లాస్టిక్ క్రేట్లలో సర్ది వ్యానులో ప్లాంటుకు పంపుతారు. అక్కడ కడిగి, మళ్లీ తూచి, లాటు నంబరు వేస్తారు. ఇంతవరకు ఏ క్రేటు ఏ చెరువుదో తెలుసు. ఆ తర్వాత వస్తుంది గ్రేడింగు. ఒకే చెరువు రొయ్య మూడు నాలుగు కౌంట్లుగా విడిపోతుంది, పక్క చెరువు నుంచి వచ్చిన అదే కౌంట్ రొయ్య కూడా అదే టబ్బులోకి వస్తుంది. ఒక లాటు పూర్తయ్యాక టేబుల్ ఖాళీ చేసి, కడిగి, తర్వాతి లాటు వేస్తే సరే. రద్దీ రోజున అలా ఆగకపోతే, రెండు చెరువుల రొయ్య ఒకే బ్లాకులో గడ్డకడుతుంది. ఆ బ్లాకున్న కార్టనుకు ఎంత ఖరీదైన ట్యాగు తగిలించినా అది ఒక చెరువు పేరే చెబుతుంది, ఎందుకంటే దానికి చెప్పింది అదే. అబద్ధాన్ని మరింత వేగంగా, మరింత దూరం నుంచి చదవగలిగే ఏర్పాటుగా అది మిగులుతుంది. యాంటీబయాటిక్ అవశేషాల పేరుతో ఒక లాటు వెనక్కి వస్తే, ఏ తప్పూ చేయని రైతు చెరువు పేరు దానికి అంటుకొని ఉండవచ్చు. ఈ విషయంలో నా పట్టుదల అందుకే.

అలాగని ప్లాంటులో ఆర్‌ఎఫ్‌ఐడీకి పని లేదని నేననను. దాన్ని మొదట పెట్టాల్సిన చోటు కోల్డ్ స్టోరేజి అని నా అభిప్రాయం. మైనస్ 18 డిగ్రీల కింద, ఒంటి నిండా జాకెట్టు, మందపాటి చేతి తొడుగులు వేసుకొని కార్టన్లు లెక్కపెట్టే మనుషులను చూసినవారికి దీని అవసరం వేరే చెప్పనక్కర్లేదు. లేబులు మీద మంచు పొర పేరుకొని బార్‌కోడ్ చదవబడదు. తొడుగుతో గీకితే లేబులే చిరుగుతుంది. తొడుగు తీస్తే వేళ్లు మొద్దుబారుతాయి. స్కానరును చలిగదిలోంచి బయటికి, బయటి నుంచి లోపలికి తిప్పేసరికి అద్దం మీద ఆవిరి కమ్ముతుంది, బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. మామూలు ట్యాగులు మైనస్ 40 డిగ్రీల దాకా పనిచేస్తాయి, మంచు పొర వాటికి అడ్డు కాదు. ప్యాలెట్‌కు ఒక ట్యాగు వేసి, చలిగది తలుపు దగ్గర రీడరు బిగిస్తే, ఏ ప్యాలెట్ ఎప్పుడు లోపలికి వెళ్లింది, ఎప్పుడు బయటికి వచ్చింది, ఎంతసేపు బయట నిలిచింది అన్నది ఎవరి వేళ్లూ కొంకర్లు పోకుండా తెలుస్తుంది. పక్క తలుపు రీడరు ఈ ప్యాలెట్‌ను చదివేయకుండా యాంటెన్నాల దిశ, శక్తి సర్దుకోవాలి. ఫోర్క్‌లిఫ్టు లోహపు చట్రం వెనక దాగిన ట్యాగు కోసం రెండు వైపులా యాంటెన్నాలు పెట్టాలి. ఇవి తెలిసిన ఇబ్బందులే, వాటికి పరిష్కారాలూ తెలిసినవే.

రెండో చోటు క్రేట్లు. ప్లాస్టిక్ క్రేటు పై అంచులో, తడి రొయ్యకూ ఐసు నీళ్లకూ ఎడంగా ట్యాగును శాశ్వతంగా బిగిస్తే, ఆ క్రేటు ఎన్నో పట్టుబడులకు తిరుగుతుంది కాబట్టి ట్యాగు ఖర్చు లెక్కలోకి రాదు. గట్టు మీద తూకం వేసేటప్పుడే, రైతు ఎదుట, క్రేటు నంబరూ చెరువు నమోదు నంబరూ తూకమూ కలిసి పడాలి. అక్కడ రైతుకు కూడా లాభముంది, ఆ తూకం తన ఫోనుకు వస్తే ప్లాంటు తూకంతో పోల్చుకోగలడు. ముడి వేయడంలో ముడి వేసేవారికే ప్రయోజనం ఉన్న చోటు అది. ఒక్కో కార్టనుకు ట్యాగు మాత్రం కొనుగోలుదారు అడిగి, దాని ఖర్చు భరిస్తానంటే తప్ప ఇప్పుడే వద్దని నేను చెబుతాను. లేబులు మీది లాటు కోడ్ చాలు, అది నిజమైన కోడ్ అయితే.

ఎఫ్‌డీఏ గడువు పొడిగింపుతో దొరికిన సమయంలో ప్లాంట్లు చేయాల్సిన మొదటి పని రీడర్ల కొటేషన్లు తెప్పించడం కాదు. గ్రేడింగు హాలులో ఒక లాటుకూ మరో లాటుకూ మధ్య టేబుల్ ఖాళీ చేసే విరామాన్ని షిఫ్టు టార్గెట్‌లో భాగంగా లెక్కించాలి. ప్రస్తుతం ఆ విరామం తీసుకున్న సూపర్‌వైజరుకు టన్నులు తగ్గాయన్న మాట పడుతోంది. ఆ లెక్క మారిన ప్లాంటులో క్రేటు ట్యాగులు ఆ సీజనులోనే ఫలితమిస్తాయి.